ఇంటి కంప్యూటరుపై తొలిపాట

ఉక్కునగరంగా పేరుగాంచిన జంషెడ్పూరులో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. 1907లో టాటా వారి ఉక్కు సంస్థ స్థాపితమైన పిమ్మట ఉత్తరాంధ్ర నుండి ఉపాధికై తరలివచ్చినవారు అనేకులు ఇక్కడే స్థిరపడ్డారు. బిష్టుపూరులోని రామమందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ అందుకు నిదర్శనాలు. ఊరు విడిచి వచ్చినా వారు విడువనిది పాట. మా అమ్మగారు శనివారం సాయంత్రాలు హార్మోనియం ముందు కూర్చుని అధ్యాత్మ రామాయణ కీర్తనలు పాడేవారు. 1988లో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చిన నేను, టేప్‌రికార్డరు ఆమె ఎదుట ఉంచి ఒక క్యాసెట్టు నింపాను. ఆమె గతించిన తరువాత ఆ గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

రెండేళ్ళ క్రితం దానిని బయటకు తీసినప్పుడు టేపు ఒకచోట నలిగి ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే అదీ దక్కదని భయం కలిగింది. ఆ భయమే ఏభై దాటిన నా చేత సంగీత సాఫ్ట్‌వేరు నేర్పించింది. నేర్చుకొన్న నాలుగు మాటలను సోదర ఉద్యోగులతో, వారి కుటుంబ సభ్యులతో పంచుకోవడమే ఈ వ్యాస ఉద్దేశం.

సాఫ్ట్‌వేరు చేసే పని ఏమిటి?

పూర్వం రికార్డింగు స్టూడియోలో గదినిండా ఉండిన యంత్రాల పనిని నేడు కంప్యూటరు చేస్తున్నది. ఒక్కొక్క ధ్వని ఒక్కొక్క వరుసలో, అనగా ట్రాకులో నిలుస్తుంది. గొంతు ఒక ట్రాకు, తంబుర ఒకటి, మృదంగం ఒకటి. దేనినైనా విడిగా సవరించి, చివరకు అన్నింటినీ కలిపి ఒకే పాటగా తీయవచ్చును.

మైకులో పుట్టిన విద్యుత్ తరంగాన్ని కంప్యూటరు సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా వ్రాసుకొంటుంది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. అందుకు రెట్టింపునకు మించి కొలిస్తే తరంగం పూర్తిగా పట్టుబడుతుంది. 1982లో వచ్చిన సి.డి.లు పాటించిన కొలత ఇదే.

నేను ఎంచుకొన్నది ఉచితంగా లభించే ఆడాసిటీ. ఇది 1999లో రూపకల్పన ప్రారంభమై 2000లో విడుదలైంది. పుట్టినచోటు మన జంషెడ్పూరు వలెనే ఉక్కుకు పేరుపడిన పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కావడం ముచ్చటైన విషయం. ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉండనే ఉంది.

కావలసిన సామగ్రి

కొత్త కంప్యూటరు అవసరం లేదు. మైకును గాని, టేప్‌రికార్డరును గాని కలపడానికి చిన్న యు.ఎస్.బి. ఆడియో పెట్టె, తీగ ఉన్న హెడ్‌ఫోను చాలును. పాడుతూ వినేటప్పుడు తీగ లేని బ్లూటూత్ హెడ్‌ఫోను పనికిరాదు. అందులో ధ్వని ఆలస్యంగా చేరి తాళం తప్పిస్తుంది. సాఫ్ట్‌వేరులో 256 నమూనాల బఫరు పెట్టుకొంటే దానివల్ల కలిగే జాగు 6 మిల్లీసెకన్లకు మించదు. రెండు మీటర్ల దూరాన కూర్చున్న మృదంగ విద్వాంసుని నుండి శబ్దం మనను చేరడానికి పట్టే కాలమూ అంతే!

నేను చేసిన పొరపాటు

క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించగానే నా దృష్టి గరగర మీదనే పడింది. రొద తగ్గించే సాధనాన్ని నిండుగా ప్రయోగించాను. గరగర మాయమైంది. ఎంతో సంతోషించి ఆ పాటను విశాఖపట్నంలో ఉన్న మా చెల్లెలికి పంపాను.

“అన్నయ్యా, రొద పోయింది గాని ఇది అమ్మ గొంతు కాదు. కుండలోంచి పాడినట్టుంది” అన్నది.

నిజమే. రొదతోపాటు పదాంతాలు, ఊపిరి కూడా తుడిచిపెట్టుకు పోయాయి. అదృష్టవశాత్తు మూలప్రతిని విడిగా దాచాను. దానిని పంపితే, “ఇదీ కాస్త సన్నగా ఉంది. అమ్మది ఇంత పలుచని గొంతు కాదు” అన్నది.

రొద చెప్పిన నిజం

ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసి చూపే సాధనం సాఫ్ట్‌వేరులో ఉంది. పాట మొదలు కాకముందున్న నిశ్శబ్దాన్ని అందులో పరిశీలించాను. 53 హెర్ట్జ్ వద్ద ఒక శిఖరం, 106 వద్ద మరొకటి కనిపించాయి. మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ అన్నది పాఠకులకు విదితమే. ఆనాడు టేపులోకి చేరిన కరెంటు హోరు నేడు 53గా వినిపిస్తున్నదంటే, టేపు నూటికి ఆరు వంతులు వేగంగా నడుస్తున్నదన్నమాట. అంత వేగం పెరిగితే శ్రుతి హార్మోనియంపై ఒక మెట్టు హెచ్చుతుంది.

అయితే ఆ రోజులలో సరఫరా సరిగ్గా 50 వద్ద నిలిచేది కాదు గనుక ఈ ఒక్క సాక్ష్యాన్ని నమ్మలేదు. అటక మీది హార్మోనియం దింపాను. అమ్మగారు ఎప్పుడూ ఐదు శ్రుతిలో పాడేవారు. టేపు ఐదున్నర పలికింది. సందేహం తీరింది. వేగాన్ని 5.66 శాతం తగ్గించాను. రొదను ఈసారి 6 డెసిబెల్సు మాత్రమే తగ్గించి ఊరుకొన్నాను.

ఫోనులో పాట ముగిసేదాకా చెల్లెలు మాట్లాడలేదు. “ఇప్పుడు అమ్మే” అన్నది. నేను తుడిచివేయబోయిన హోరే అమ్మ అసలు శ్రుతిని చూపింది!

మన సంగీతానికి కొన్ని జాగ్రత్తలు

సంగీత నిర్మాణ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా పాశ్చాత్య పద్ధతిలో నాలుగు మాత్రల లెక్కతో తెరుచుకొంటాయి. ఆదితాళానికి అది సరిపోతుంది. మిశ్రచాపుకు ఏడుగా మార్చుకోవలెను. 1983లో వెలువడిన మిడి పద్ధతి మామూలుగా స్థాయికి పన్నెండు స్వరస్థానాలనే గుర్తిస్తుంది. గమకం ఉండేది ఆ మెట్ల నడుమనే కదా! గొంతును బలవంతంగా మెట్టుపైకి ఎక్కించే స్వయంచాలక శ్రుతి సవరణను కీర్తనలపై ప్రయోగించరాదు.

కొత్తవారికి సూచనలు

1. మూలప్రతిని ముట్టుకోకండి. నకలు మీదనే పని చేసి, మూలాన్ని రెండు చోట్ల భద్రపరచండి.

2. రికార్డు చేసేటప్పుడు ధ్వని శిఖరాలు మైనస్ 6 డెసిబెల్సు దాటనీయకండి. సున్న దాటి తెగిన తరంగం తిరిగి అతకదు.

3. ప్రాజెక్టును సేవ్ చేయడం వేరు, పాటను ఎగుమతి చేయడం వేరు. రెండూ చేయండి. మొదట వేవ్ రూపంలో, పంచుకోవడానికి ఎంపీ3గా తీయండి.

4. సవరించిన ప్రతిసారీ ఆ గొంతును ఎరిగినవారికి వినిపించండి. అంతకు మించిన పరీక్షాయంత్రం లేదు.

ఇప్పుడు మా అమ్మాయి తంబుర ట్రాకు చేర్చి, అమ్మమ్మ పాటకు, కాదు, తన నాయనమ్మ పాటకు గొంతు కలపడం సాధన చేస్తున్నది. ఇద్దరూ ఎన్నడూ కలిసి పాడలేదు. ఒకే ఫైలులో పక్కపక్క ట్రాకులలో పాడుతున్నారు.

మీ ఇంటి అల్మారాలోనూ అటువంటి క్యాసెట్టు ఒకటి ఉండవచ్చును. ఈ ఆదివారమే బయటకు తీయండి.