విదేశీ ఆంగ్లోపాధ్యాయులు, స్థానిక సహోద్యోగులు

హైదరాబాదుకు ఉత్తరాన నాగపూరు రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. ఇవి రెండూ 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనివి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. వీటితోపాటు వసతి పాఠశాలలు, అంతర్జాతీయ పాఠ్యప్రణాళికను అనుసరించే పాఠశాలలు కూడా నగర శివార్లకు విస్తరించాయి. ఇటువంటి విద్యాసంస్థలలో ఆంగ్లం బోధించడానికి విదేశీయులు అరుదుగా వస్తుంటారు. వారికీ స్థానిక ఉపాధ్యాయులకూ మధ్య ఏర్పడే సంబంధం వ్యక్తుల మంచిచెడ్డల కంటే జీతం, హోదా, పనివిభజన అనే మూడింటిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. తెలుగునాట దీనికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది.

చరిత్ర

బ్రిటిషు పాలనలో 1896లో ఏర్పడిన ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులోకి ప్రధానంగా ఇంగ్లండులోనే నియామకాలు జరిగేవి. భారతీయులలో ఎక్కువమందికి దిగువనున్న ప్రొవిన్షియల్ సర్వీసే దక్కేది. ఒకే కళాశాలలో, ఒకే తరగతికి పాఠం చెప్పే ఇద్దరికి రెండు రకాల జీతాలు ఉండేవన్నమాట. అంతకుముందే, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన జగదీశ్ చంద్ర బోసు ఈ వివక్షకు నిరసనగా మూడేళ్ళపాటు జీతం తీసుకోకుండానే పనిచేశాడు.

అయితే ఈ కాలంలో కలహమే కాక సహకారం కూడా కనిపిస్తుంది. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె. ఎ. యేట్స్ ఆంగ్లోపాధ్యాయుడు కాడు. కానీ తెలుగువారు మాట్లాడే భాష ఒకటి, బడిలో నేర్పే భాష మరొకటి ఎందుకని ఆయనకు సందేహం కలిగింది. ఆ ప్రశ్నను తీసుకుని పనిచేసినవారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి, విజయనగరంలోని గురజాడ అప్పారావు. వ్యావహారిక భాషోద్యమం ఆ విధంగా పాఠశాలల్లోకి ప్రవేశించింది. అడిగినవాడు పరాయివాడైనా సమాధానాన్ని వెదికినవారు స్థానికులు. ఈ విషయాన్ని మన పాఠ్యపుస్తకాలు తగినంతగా చెప్పవు.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది, ఆంగ్లం నిర్బంధ భాషగా ఉండేది. జపానులో చాలాకాలం బోధించి వచ్చిన ఇ. ఇ. స్పైట్ ఇక్కడ ఆంగ్లాచార్యుడిగా పనిచేశాడు. అటువంటి చోట విదేశీ ఆచార్యుడి భాష బోధనా మాధ్యమం కాదు, ఒక పాఠ్యాంశం మాత్రమే.

సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్

1958లో బ్రిటిష్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ల తోడ్పాటుతో ఈ సంస్థ హైదరాబాదులో ప్రారంభమైంది. ఆంగ్లం బోధించే భారతీయులకు శిక్షణ ఇవ్వడం దీని ముఖ్యోద్దేశం. 2007లో ఇదే ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆర్. కె. బన్సల్ భారతీయుల ఆంగ్ల ఉచ్చారణ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి రాసిన గ్రంథాన్ని 1969లో ఈ సంస్థ ప్రచురించింది. భారతీయులు ఇంగ్లండువారిలాగే పలకాలన్న పట్టు వదలి, అర్థమయ్యేలా పలికితే చాలునన్న వాదానికి ఇది బలమిచ్చింది. తరువాత ఆయన జె. బి. హారిసన్‌తో కలిసి భారతీయుల కోసం సంభాషణాంగ్ల పుస్తకం రాశారు. ఇటువంటి ఉమ్మడి రచనలు మరిన్ని వచ్చి ఉంటే బాగుండేది.

వీసా నిబంధన, జీతాల తేడా

ఉద్యోగ వీసాపై భారతదేశానికి వచ్చే విదేశీయుడికి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ కనీస వార్షిక వేతనాన్ని నిర్ణయించింది. ఇది మొదట 25,000 డాలర్లు ఉండేది, తరువాత 16.25 లక్షల రూపాయలు అయింది. భాషోపాధ్యాయులకు ఈ నిబంధన నుండి మినహాయింపు ఉన్నా, ఆంగ్లోపాధ్యాయులకు మాత్రం లేదు. ఆంగ్లం బోధించగలవారు దేశంలోనే ఉన్నారన్నది దీని వెనుక ఉన్న భావన. ఫలితంగా విదేశీ ఆంగ్లోపాధ్యాయుడిని తెచ్చుకునే ప్రైవేటు పాఠశాల అతడికి నెలకు లక్షా ముప్ఫై అయిదు వేలకు పైగా ఇవ్వవలసి వస్తుంది. పక్క గదిలో అదే పాఠం చెప్పే స్థానికుడి జీతం సాధారణంగా ఇందులో చిన్న భాగమే. స్వచ్ఛంద సంస్థల్లో గౌరవ సేవకు వచ్చేవారికి ఈ పరిమితి వర్తించదు. అక్కడ జీతం గురించిన అసూయ తక్కువ, కానీ వచ్చినవారు త్వరగా వెళ్ళిపోతారు.

ఉపాధ్యాయుల గదిలో

పనివిభజన సాధారణంగా ఇలా ఉంటుంది: సంభాషణ, ఉచ్చారణ, నాటకం విదేశీయుడికి, వ్యాకరణం, పరీక్షలు, నోటుపుస్తకాలు దిద్దడం, తల్లిదండ్రులకు సమాధానం చెప్పడం స్థానికుడికి. పదో తరగతి ఫలితం తగ్గితే యాజమాన్యం అడిగేది రెండోవారినే. చిక్కు ఇక్కడే ఉంది. పేరు ఒకరికి, బాధ్యత మరొకరికి.

మాటల వల్ల కూడా అపార్థాలు వస్తాయి. మన విద్యార్థి "ఐ హావ్ ఎ డౌట్" అంటే ప్రశ్న ఉందని అర్థం. కొత్తగా వచ్చిన విదేశీయుడికి తన మాటపై నమ్మకం లేదన్నట్లు వినిపిస్తుంది. "ప్రీపోన్", "కజిన్ బ్రదర్" వంటి ప్రయోగాలను విద్యార్థుల ఎదుటే తప్పని దిద్దితే, వాటిని నిత్యం వాడే స్థానిక ఉపాధ్యాయుడికి తరగతిలో గౌరవం తగ్గుతుంది. పేరు పెట్టి పిలవమని విదేశీయుడు కోరినా ఇక్కడివారు సార్, మేడమ్ అనే పిలుస్తారు. అది దూరం పెట్టడం కాదు, మర్యాద అని అతడికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇద్దరూ కలిసి పాఠప్రణాళిక రాసుకుని, ఒకే తరగతిలో కలిసి బోధించే పద్ధతి కూడా ఉంది. జపానులో 1987 నుండి జెట్ పథకం కింద విదేశీ సహాయకులను స్థానిక ఉపాధ్యాయుడి పక్కన నిలిపి ఇలాగే బోధింపజేస్తున్నారు. అక్కడ విదేశీయుడిది సహాయకుడి హోదా, తరగతి బాధ్యత స్థానికుడిది. మన పాఠశాలల్లో ఈ క్రమం తరచు తలకిందులుగా ఉంటుంది.