కారు ఇరుసుతో కలుపుకోత

పిల్లలూ, వానాకాలంలో మా మండపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లోకి ఎప్పుడైనా వెళ్ళారా? చెట్ల మధ్య తుంగ, వయ్యారిభామ నడుము దాకా పెరిగి ఉంటాయి. రాలిన కాయ ఎక్కడ పడిందో తెలియదు. ఆ పచ్చదనం కింద రక్తపింజరి పడుకుని ఉన్నా తెలియదు. కొడవళ్ళతో కోయిద్దామంటే కూలీలు దొరకడం కష్టం. దున్నేద్దామంటే కొబ్బరికి తల్లివేరు లేదు. తాళ్ళలాంటి వేళ్ళు నేల పైపొరల్లోనే అల్లుకుని ఉంటాయి. నాగలి లోతుగా దిగితే అవే తెగిపోతాయి. కాబట్టి కలుపును నేలమట్టంగా కోసి, అక్కడే వదిలెయ్యడం మేలు. కుళ్ళి ఎరువవుతుంది.

మా బావమరిదికి అలాంటి తోట ఒకటి ఉంది. ట్రాక్టరూ ఉంది. దాని వెనుక తగిలించి లాగే కోత యంత్రాలు బజారులో దొరుకుతాయి గాని, ధర విని తిరిగి వచ్చేశాడు. “బావగారూ, మన వెల్డింగు షెడ్డులో చేయించేద్దాం. లెక్కలు మాత్రం మీరు చూడాలి” అన్నాడు. లెక్కలంటే ఏముందిలే అనుకుని ఒప్పుకున్నాను. ఎంత ఉందో తరువాత తెలిసింది.

మొదటి ప్రశ్న: కత్తి ఎంత వేగంగా తిరగాలి? కొడవలితో కోసేటప్పుడు ఎడమచేత్తో దుబ్బు పట్టుకుంటాం. పట్టు లేకపోతే కాడ వంగిపోతుంది గాని తెగదు. యంత్రానికి ఎడమచెయ్యి లేదు. మరి కాడను పట్టుకునేదెవరు? గ్లాసు మీద అట్టముక్క, దాని మీద నాణెం పెట్టి, అట్టను వేలితో చటుక్కున కొట్టే ప్రయోగం తరగతిలో చేశారు కదా! అట్ట ఎగిరిపోతుంది, నాణెం గ్లాసులో పడుతుంది. నెమ్మదిగా లాగితే నాణెం కూడా అట్టతోపాటే వస్తుంది. గడ్డికాడ సంగతీ ఇంతే. కత్తి మెరుపులా వస్తే, వంగడానికి వ్యవధి దొరకక కాడ తెగిపోతుంది. దాన్ని పట్టుకుని ఉంచేది దాని జడత్వమే.

ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. షాఫ్టు అని ఒకటి పొడుచుకు వచ్చి ఉంటుంది. సాధారణంగా అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. కాని మన కోతకు ఆ వేగం చాలదు. పైగా అది నేలకు సమాంతరంగా ఉంటుంది, కత్తి ఇరుసేమో నిట్టనిలువుగా ఉండాలి. అంటే వేగం పెరగాలి, దిక్కు మారాలి. ఈ రెండు పనులూ చేసే వస్తువు షెడ్డు మూలన తుప్పుపట్టి కనిపించింది. అది ఒక పాత కారు వెనుక ఇరుసు, మధ్యలో డిఫరెన్షియల్‌తో సహా.

డిఫరెన్షియల్ ఎందుకో తెలుసా? ఎడ్లబండి చక్రాలు దేనికది విడిగా తిరుగుతాయి కనుక మలుపులో బాధ లేదు. కారు చక్రాలను ఇంజను తిప్పాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. 1827-28 ప్రాంతంలో ఫ్రాన్సులో ఒనేసిఫోర్ పెకర్ అనే ఆయన ఆవిరిబండి కోసం దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఇంజను నుంచి వచ్చే చిన్న పళ్ళచక్రం, అంటే పినియన్, క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ తన శక్తిని స్టార్ పినియన్ల ద్వారా రెండు పక్కలకూ పంచుతుంది. రెండు చక్రాల వేగాల సగటే ఎప్పుడూ క్రౌన్ వేగం. బురదలో దిగబడ్డ లారీని చూడండి. గట్టి నేల మీది చక్రం కదలదు, బురదలోది గిర్రున తిరుగుతుంది. అప్పుడు దాని వేగం క్రౌన్ వేగానికి సరిగ్గా రెట్టింపు!

మేము దీన్ని తలకిందులుగా వాడాం. ఇరుసును పొడవునా పడుకోబెట్టి, ఒక కొసను పి.టి.ఓ.కు తగిలించాం. పినియన్ నేలవైపు చూస్తుంది. కత్తులు దానికే.

ఇక్కడే పేచీ వచ్చింది. స్టార్ పినియన్లను వెల్డింగు చేసి బిగించేద్దాం అన్నాడు మేస్త్రి. అలా చేస్తే రెండు పక్కలూ, క్రౌనూ ఒక్కటిగా తిరుగుతాయి. ఆయన చేతిపనికి నేను వంక పెట్టలేను గాని, పళ్ళు లెక్కపెట్టమన్నాను. క్రౌన్‌కు 41, పినియన్‌కు 9. అంటే 540 × 41 ÷ 9 = 2460 చుట్లు. అలా కాక రెండో కొసను చట్రానికి బోల్టులతో కదలకుండా బిగిస్తే, క్రౌన్ వేగం సగమై 270 అవుతుంది. కత్తులకు 1230 చుట్లు వస్తాయి.

సగమే కదా తేడా అనకండి. కత్తి ఒక్కొక్కటి కిలోన్నర. దాని గరిమనాభి కేంద్రం నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో, కొస 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. 1230 చుట్ల దగ్గర కొస వేగం సెకనుకు 64 మీటర్లు, గంటకు 230 కిలోమీటర్లు పైమాటే. ఆ కత్తిని పట్టి ఉంచే బోల్టు మీద పడే లాగుడు దాదాపు 890 కిలోల బరువుకు సమానం. ఈ బలం వేగవర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపయితే నాలుగింతలు, అంటే మూడున్నర టన్నులు! కాగితం మీద ఈ అంకె చూసి మేస్త్రి వెల్డింగు రాడ్డు కింద పెట్టేశాడు.

కత్తులు లారీ కమాన్ పట్టీలతో చేశాం. ఆ ఉక్కు వెల్డింగు చేస్తే పగుళ్ళిచ్చే రకం, కనుక బోల్టు మీద వేలాడదీశాం. తిరిగేటప్పుడు ఇందాకటి లాగుడే వాటిని కర్రల్లా బిగదీసి నిలబెడుతుంది. మోడు తగిలితే వెనక్కి మడుచుకుంటాయి, మళ్ళీ సాగుతాయి. రెండింటినీ కిరాణా కొట్టు త్రాసులో వేసి, బరువు సమానమయ్యే దాకా అరగదీశాం. యాభై గ్రాముల తేడా ఉన్నా, ముప్పై కిలోల బలం సెకనుకు ఇరవైసార్లు దిక్కు మార్చుకుంటూ చట్రాన్ని కుదిపేస్తుంది. చుట్టూ ఇనుపరేకు, వెనుక గొలుసుల తెర కట్టాం, రాయి ఎగిరి తగలకుండా. యంత్రం నడిచేటప్పుడు తోటలో డ్రైవరు తప్ప మరెవరూ ఉండకూడదని ఏర్పాటు.

ఇన్ని చూసుకున్నా ఒకటి మరిచాను. మొదటిరోజు సాలు చివర మా బావమరిది క్లచ్చి తొక్కాడు. ట్రాక్టరు ఆగలేదు! బారెడు, రెండు బారలు, ఇంకా ముందుకే పోయి ముందు చక్రాలు బోదెలో దిగాక ఆగింది. అవతల పంటకాలువ. గట్టు మీద నిలబడ్డ నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

జరిగింది ఇదీ. ఆ పాతరకం ట్రాక్టరుకు ఒకే క్లచ్చి. దాన్ని తొక్కితే ఇంజను విడిపోతుంది గాని, పి.టి.ఓ.కూ వెనుక చక్రాలకూ గేరుపెట్టెలో లంకె అలాగే ఉంటుంది. అప్పటికే తిరుగుతున్న పళ్ళెం, కత్తులు జడచక్రంలా ఆగక, ఉన్న గతిజశక్తినంతా వెనుదారిన పంపి ట్రాక్టరునే తోశాయి. నాణెం ప్రయోగం పిల్లలకు చెప్పీ చెప్పీ, అదే జడత్వం మన వెనకాలే తిరుగుతోందని తట్టకపోవడం చూడండి! మీ సైకిలు తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, పెడళ్ళు మాత్రం కాళ్ళను తొయ్యవు. అది ఫ్రీవీలు గొప్ప. అలా ఒకవైపే బలాన్ని పంపే ఓవర్‌రన్నింగ్ క్లచ్చి కొని షాఫ్టుకు తొడిగాకే రెండోసారి తోటలోకి పోనిచ్చాను.

ఇప్పుడు కోత బాగానే సాగుతోంది. అయితే అరగంటకోసారి ఆపాలి. కారులో స్టార్ పినియన్లకు పని మలుపుల్లోనే. ఇక్కడ అవి క్షణం తీరిక లేకుండా తిరిగి పెట్టె వేడెక్కిపోతుంది. నూనె మట్టం పెంచాం, కొంత తగ్గింది. పెట్టె మీద చెయ్యి ఆనించగలిగే దాకా అందరం కొబ్బరి బోండాలు తాగుతూ కూర్చుంటాం.

మేస్త్రి ఇంకో ఇరుసు తెచ్చి పెట్టాడు, జీపుది. క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8. ఒక కొస బిగించి 540తో తిప్పితే కత్తులు ఎన్ని చుట్లు తిరుగుతాయి? అవే కత్తులైతే బోల్టు మీద లాగుడు ఎంత? లెక్క వేసి, ఆ ఇరుసు తీసుకోవచ్చో లేదో మీరే చెప్పండి.