మీకు తెలుసా? ఎవరెస్ట్ మీదా ఆక్సిజన్ 21 శాతమే!
ఎవరెస్ట్ శిఖరం మీది గాలిలోనూ, సముద్రతీరపు గాలిలోనూ ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. పైకి వెళ్లేకొద్దీ తగ్గేది దాని పాక్షిక పీడనం. ఒకదానితో ఒకటి చర్య జరపని వాయువులు ఒకే పాత్రలో ఉంటే, ప్రతి వాయువూ తానొక్కటే ఉన్నప్పుడు కలిగించేంత పీడనాన్నే కలిగిస్తుంది. అదే దాని పాక్షిక పీడనం. మొత్తం పీడనం ఈ పాక్షిక పీడనాల కూడిక. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1801లో చెప్పిన నియమమిది. (మరీ అధిక పీడనాల్లో నిజవాయువులు ఈ లెక్కకు పూర్తిగా లొంగవు.)

సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ వాటా సుమారు 159. ఎవరెస్ట్ మీద మొత్తం పీడనమే 253 దగ్గర ఉంటుంది, ఆక్సిజన్ వాటా 53.

అసలు చిక్కు శరీరం లోపల ఉంది. పీల్చిన గాలి శ్వాసనాళాల్లోనే నీటి ఆవిరితో సంతృప్తమవుతుంది. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్లు. అది ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి ఎంత ఎత్తుకెక్కినా తగ్గదు. 760లో 47 పోయినా పెద్ద నష్టం లేదు. 253లో అయితే దాదాపు ఐదో వంతు పోయినట్టే. ఊపిరితిత్తుల వైపు సాగే గాలిలో ఆక్సిజన్ పీడనం ఇక 43 మాత్రమే.