బల్లమీద మెట్రో మార్గం

హైదరాబాదులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రోరైలు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. ఈ దారిలో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ స్టేషన్లు వరుసగా కలవు. ఈ నాలుగింటి నమూనాను పాఠశాలలో నిర్మింపదలచిన విద్యార్థులు ముందుగా కొలతలు తేల్చుకొనవలెను.

నమూనా రైళ్ళలో ఎక్కువగా వాడుకలో నున్న కొలత ‘హెచ్.ఓ.’, అనగా అసలులో 87వ వంతు. దాని పట్టాల నడిమి దూరము 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.ను 87 చేత భాగించిన 19 మి.మీ. దాటును, ఆ పట్టాలు సరిపడవు. మెట్రో గేజి 1435 మి.మీ. కనుక లెక్క సరిగా కుదురును.

పొడవు మాత్రం లొంగదు. సుమారు 3 కిలోమీటర్ల ఈ దూరము 87వ వంతున గూడ 34 మీటర్లుండును! కాబట్టి స్టేషన్లను దగ్గరకు జరుపక తప్పదు. వంపులనూ కుదింపవలసి వచ్చును, చిక్కంతా ఇక్కడనే. నమూనాపెట్టె క్రింద ముందు వెనుకల నుండు చక్రాల చట్రాల నడుమ దూరము 17 సెం.మీ., వంపు వ్యాసార్ధము 45 సెం.మీ. అనుకొందము. దూరపు వర్గమును వ్యాసార్ధమునకు 8 రెట్లచే భాగించిన 0.8 సెం.మీ. వచ్చును. పెట్టె నడిమి భాగము వంపు లోపలికి అంత జరుగును. కొసలు వెలుపలికి పొడుచుకొని వచ్చును. వంపువద్ద పిట్టగోడలను ఇరువైపులా ఎడముగా కట్టనిచో రైలు రాసుకొని పడిపోవును.

చెక్క చట్రముమీద 12 మి.మీ. ప్లైవుడ్ పలక పరచవలెను. వానకాలపు తేమకు ఉబ్బకుండ రెండువైపులా రంగు పూయుట మేలు. వంతెనకు దళసరి అట్ట, స్తంభాలకు పి.వి.సి. గొట్టపు ముక్కలు చాలును. మెట్రో వంతెనపై పట్టాలు కాంక్రీటుమీద బిగింపబడును, కంకర ఉండదు. అందుచే నమూనాలో కంకర అంటించు శ్రమ తప్పినది.

అసలు మెట్రోకు పై తీగ ద్వారా 25,000 వోల్టుల విద్యుత్తు అందును. నమూనాలో పట్టాలగుండా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చాలును. పై తీగ అలంకారమే. అతుకులవద్ద నిరోధము పెరిగి రైలు మందగించును గనుక ప్రతి పట్టా ముక్కకు వేరుగా తీగ టంకము వేయవలెను. నికెల్ సిల్వర్ పట్టాలు మేలు. పేరేగాని వానిలో వెండి లేదు. రాగి, నికెల్, జింకుల మిశ్రమమే. మీటరు పట్టా 25 డిగ్రీలు వేడెక్కిన సుమారు 0.4 మి.మీ. సాగును. కావున చలికాలమున కూర్చునప్పుడు అతుకులవద్ద కొద్ది సందు వదలవలెను.

మెట్రో గరిష్ఠ వేగము గంటకు 80 కి.మీ. నమూనాలో అది సెకనుకు 25 సెం.మీ. మాత్రమే. విద్యార్థులు సాధారణముగా ఇంతకు రెండు మూడు రెట్లు తోలుదురు.