గంజాం కూలీల నుండి ఇమాం హారూన్ వరకు

పలాస, టెక్కలి, ఉద్దానం తీరగ్రామాల నుండి పనికోసం దూరదేశాలకు వెళ్ళడం నిన్న మొన్నటి మాట కాదు. 1936కు ముందు ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన లక్షన్నర మంది భారతీయుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండదలచినవారు ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. నెలకు పది షిల్లింగులతో పని మొదలుపెట్టిన కూలీకి అది ఆరు నెలల కూలి!

ఈ వివక్షపై సాగిన పోరాటాన్ని మనం గాంధీజీ పేరుతోనే ఎరుగుదుము. కాని 1906 సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గ్ సభలో, వేలిముద్రల శాసనానికి లొంగబోమని దైవసాక్షిగా ప్రమాణం చేసి తీరాలని పట్టుబట్టినవారు హాజీ హబీబ్. అహ్మద్ ముహమ్మద్ కాఛలియా వర్తకుడు. ఉద్యమం వీడకపోతే బాకీలన్నీ వెంటనే చెల్లించాలని తెల్ల వ్యాపారులు ఒత్తిడి తెచ్చారు. ఆయన దివాలానైనా అంగీకరించారు గాని మాట తప్పలేదు. 1913లో బొగ్గు గనుల, చెరకు తోటల కూలీలు సమ్మె కట్టారు. మరుసటి ఏడు ఆ పన్ను రద్దయింది.

ఒక లోపాన్ని మాత్రం మేము దాచదలచలేదు. ఆనాటి భారతీయ నాయకులు చాలాకాలం తమవారి హక్కులకే పరిమితమయ్యారు. పక్కనే నలుగుతున్న నల్లజాతి వారిని తమవారనుకోలేదు. 1947 మార్చి 9న డాక్టర్ యూసుఫ్ దాదూ, డాక్టర్ నాయకర్, ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమాతో కలిసి ఒడంబడికపై సంతకం చేశాకే ఉద్యమానికి కొత్త బలం చేకూరింది. కేప్‌టౌన్ ఇమాం అబ్దుల్లా హారూన్ మస్జిదు బాధ్యతతో పాటు నల్లజాతి వాడల కష్టసుఖాలనూ తనవిగా భావించారు. 1969లో నాలుగు నెలల నిర్బంధం తరువాత పోలీసుల చెరలోనే కన్నుమూశారు. మెట్లపై నుండి జారిపడ్డారన్న పోలీసుల కథ అబద్ధమని, చిత్రహింసలే ఆయన ప్రాణం తీశాయని 2023లో న్యాయస్థానం తేల్చింది.

నలుపు తెలుపుల ఆధిక్యాన్ని దైవప్రవక్త (స) తమ అంతిమ హజ్ ప్రసంగంలోనే రద్దు చేశారు. ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరచిన హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహచరునిలోనూ అజ్ఞానకాలపు జాడ ఉందని మందలించారు. హజ్రత్ బిలాల్ (రజి) పేరు మన పిల్లలకు ప్రేమతో పెట్టుకుంటాము. ఆ బిలాల్‌కే సంబంధం చూసేటప్పుడు పిల్ల దీన్ గురించి అడగకముందే మన ఇళ్ళలో వచ్చే మొదటి ప్రశ్న: “రంగు ఎలా ఉంటుంది?”