ముఠానాయకులను నవ్వులపాలు చేసిన సినిమా

1970వ దశకం తొలి సంవత్సరాల్లో అమెరికాలో ప్రధానంగా నల్లజాతి ప్రేక్షకుల కోసం చౌకగా తయారై, నేరాన్నీ తుపాకులనూ పెట్టుబడిగా వాడుకున్న చిత్రాల వెల్లువకు బ్లాక్స్‌ప్లాయిటేషన్ అనే పేరు స్థిరపడింది. ‘షాఫ్ట్’ (1971), ‘సూపర్ ఫ్లై’ (1972) వంటి ఆ చిత్రాల్లో నల్లజాతి నాయకుడు ఎవరికీ తలవంచని మొనగాడిగా కనిపించినా, మాదకద్రవ్యాల వ్యాపారిని సైతం ఆరాధ్యుణ్ణి చేసే ఆ ధోరణి జాతికే చేటని పౌరహక్కుల సంఘాలు నిరసించాయి.

ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతీయుడైన సిడ్నీ పోయిటియర్, రిచర్డ్ వెస్లీ రచన ఆధారంగా 1974లో తానే దర్శకత్వం వహించి నటించిన ‘అప్‌టౌన్ సాటర్‌డే నైట్’ అదే నేరలోకాన్ని తీసుకుని, దానిని చక్కని ప్రహసనంగా మార్చింది. ఫ్యాక్టరీ కార్మికుడు స్టీవ్ (పోయిటియర్), అతని మిత్రుడైన ట్యాక్సీ డ్రైవర్ వార్డెల్ (బిల్ కాస్బీ) ఒక రాత్రి చాటుగా జూదగృహానికి వెళ్లి దొంగల చేతికి చిక్కుతారు. పోయిన పర్సులో 50,000 డాలర్ల లాటరీ టికెట్ ఉందని ఆ తర్వాత తెలియడంతో, ఇల్లూ ఉద్యోగమూ తప్ప సాహసమెరుగని ఈ ఇద్దరూ ముఠాల మధ్యకు వెళ్లక తప్పదు. రిచర్డ్ ప్రయర్ పోషించిన బూటకపు డిటెక్టివ్ పాత్ర చిన్నదే గానీ, దాని ముందు ‘షాఫ్ట్’ గాంభీర్యం నిలవదు. ముఠానాయకుడి పాత్రలో హ్యారీ బెలఫాంటే అయితే ‘గాడ్‌ఫాదర్’లోని మార్లన్ బ్రాండోను బుగ్గలు ఉబ్బించి, గొంతు బొంగురు చేసి మరీ అనుకరించాడు.

అయితే చిత్రంలో పదునైన వ్యంగ్యం ముఠాల మీద కాక రాజకీయం మీద పడింది. నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయంలో గోడకు అధ్యక్షుడు నిక్సన్ చిత్రపటం వేలాడుతుంటుంది. తన జాతి ఓటర్లు వస్తున్నారని తెలియగానే ఆయన దాన్ని తిప్పేస్తాడు, వెనుకవైపు నల్లజాతి ఉద్యమ నేత మాల్కమ్ ఎక్స్ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. రాస్కో లీ బ్రౌన్ ఈ ఘట్టాన్ని ఎంతో హుందాగా నటించడం వల్లనే నవ్వు రెట్టింపవుతుంది. ద్వితీయార్ధం కొంత సాగతీతగా ఉన్న మాట నిజమే. అయినా ప్రేక్షకాదరణ దక్కడంతో పోయిటియర్, కాస్బీ జంట 1975లోనూ 1977లోనూ మరో రెండు హాస్య చిత్రాల్లో కలిసి నటించింది. 2024లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ చిత్రాన్ని పరిరక్షించదగిన జాతీయ చిత్రాల పట్టికలో చేర్చింది.