కక్కించిన నిజము

మన తెలుగువారు నేరస్థుని నోట నిజము 'చెప్పించిరి' అనరు, 'కక్కించిరి' అందురు. రచ్చబండ కడ పత్రిక చదువుచు, ఎక్కడనో బాంబు పేలినదన్న వార్త కంటబడినంతనే, 'నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడండీ, దండం దశగుణం భవేత్ అని ఊరికే అన్నారా?' యని తీర్పు చెప్పు పెద్దలను నేను పలువురను ఎరుగుదును. వారు క్రూరులు కారు. పిల్లికూననైనను కాలితో త్రోయనివారే. వారి మాటలో నాకు తోచు దోషము కాఠిన్యము కంటెను వైద్యమునకు చెందినది: కడుపులో ఏమైన ఉన్నవాడు ఉన్నది కక్కును, నిజమే, ఏమియు లేనివాని గొంతులో వ్రేలు పెట్టినచో వాడు పసరు కక్కును.

ఈ వాదమునకు పండితులు కల్పించుకొన్న కథ యొకటి కలదు. నగరమధ్యమున బాంబు దాగియున్నది, గడియారము నడచుచున్నది, దాచినవాడు మన చేత చిక్కియున్నాడు; వానిని హింసించి వేలమందిని కాపాడుట ధర్మమా, కాదా? కథ అల్లినవాడు గడుసువాడు. చిక్కినవాడు వాడేయనియు, వానికి చోటు తెలియుననియు, కొట్టినచో సకాలమున సత్యమే చెప్పుననియు మన చేత ముందే ఒప్పించుకొని, ఆ పిమ్మట ధర్మసందేహము నడుగుచున్నాడు.

లోకములో జరుగునది వేరు. ఆఫ్ఘనిస్థానమున శిక్షణశిబిరము నడిపిన ఇబ్న్ అల్‌షేఖ్ అల్‌లీబీ యను లిబియా దేశీయుడు 2001 చివర పట్టుబడెను. ఎఫ్‌బీఐ వారు మాటలతోనే సమాచారము రాబట్టుచుండగా, సీఐఏ వారు వానిని ఈజిప్టునకు చేరవేసిరి. ఇరాకునకును అల్‌ఖైదాకును గల సంబంధమేమని అచ్చట అడిగిరి. తనకేమియు తెలియదనియు, కట్టుకథ చెప్పుదమన్నను తోచలేదనియు అతడు పిమ్మట వెల్లడించెను. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు గల పెట్టెలో సుమారు 17 గంటలు కుక్కి, వెలికి తీసి, పడద్రోసి, 15 నిమిషములు గుద్దిన తరువాత కథ తోచినది: అల్‌ఖైదావారు ముగ్గురు అణ్వస్త్రవిద్యకై ఇరాకు వెళ్ళిరని. ఆ కథలో తాను ఎరిగినవారి పేర్లే వాడెనట, మరల అడిగినపుడు తడబడకుండుటకు! ఆ చెరలోనే పుట్టిన మరియొక మాటను, ఇరాకు వారు రసాయనాయుధములలోను జీవాయుధములలోను అల్‌ఖైదాకు శిక్షణ నిచ్చిరన్న దానిని, 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పావెల్ భద్రతామండలిలో వినిపించెను. రెండు నెలలైన గడువకమునుపే యుద్ధము మొదలయ్యెను. అది కల్ల యని 2004లో అల్‌లీబీ చెప్పగా సీఐఏ ఆ నివేదికలను వెనుకకు తీసికొన్నది.

కొట్టువానికి ఏది కావలెనో కొట్టబడువాడు ప్రశ్నలోనే పసికట్టును. దెబ్బలకు నిజమెన్నడును రాదని నేననను, వచ్చును. వచ్చినది నిజమో పసరో తేల్చుకొనుటకు మాత్రము కొట్టినవాడు మరల బయలుదేరి ఆధారములు వెదకవలసినదే, ఆ శ్రమ తప్పించుకొనుటకే గదా అతడు కొట్టినది! ఇక అస్త్రము విడిచినవానిపై చేయి చేసికొనరాదని భారతము విని పెరిగిన మనకు వేరుగ చెప్పనేల.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మద్రాసు రాజధానిలోని చిత్రహింసలను విచారించి 1855లో నివేదిక నిచ్చిన సంఘము, శిస్తు రాబట్టుటకును నేరము ఒప్పించుటకును వాడిన సాధనములలో 'కిట్టి'ని ప్రముఖముగ పేర్కొన్నది. ఒక కొసన కట్టిన రెండు కొయ్యల నడుమ వ్రేళ్ళుంచి నిమ్మకాయను పిండినట్లు పిండుట దాని పని. తెలుగున దానిని చిరత అనెడివారట. భజనలో చిరతలు వాయించినవారికి ఆ పేరు వినగనే వ్రేళ్ళు ముడుచుకొనును. 1872 నాటి సాక్ష్యచట్టమును కూర్చిన ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, ఎండలో తిరిగి సాక్ష్యము సేకరించుటకంటె నీడపట్టున కూర్చుండి దీనుని కంట కారము రుద్దుట హాయి యని ఒక అనుభవశాలి యగు అధికారి తనతో చెప్పినట్లు వ్రాసియున్నాడు. పోలీసు ఎదుటి ఒప్పుకోలు చెల్లదన్న 25వ సెక్షను ఆ చట్టములోనిదే. ఉగ్రవాదము పేర టాడా, పోటా చట్టములు ఆ తలుపు గడియ తీసి, ఎస్పీ ఎదుట ఒప్పుకొన్నచో చెల్లుననెను. ఇప్పుడు రెండును లేవు.

చట్టము మాట అట్లుండగా, 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది మరణించిన పిమ్మట పాతబస్తీ యువకులను పలువురను పోలీసులు పట్టుకొనిపోయిరి. తమను చిత్రహింసలు పెట్టిరని వారు మొరపెట్టుకొనగా, రాష్ట్ర మైనారిటీల కమిషను విచారణ చేయించెను. న్యాయస్థానమున వారిపై కేసులు నిలువలేదు. ప్రభుత్వము 20 మందికి 3 లక్షల వంతున, 50 మందికి 20 వేల వంతున పరిహారము పంచెను. 2013లో హైకోర్టు అదియు చెల్లదన్నది. అటుపిమ్మట వేరొక వర్గమునకు చెందినవారు నిందితులైరి; విచారణకు నిలిచిన ఐదుగురిని 2018లో ప్రత్యేక న్యాయస్థానము నిర్దోషులని విడిచిపుచ్చెను. బాంబు పెట్టిన చేయి ఎవరిదో తేలనేలేదు.

ఈ సంగతి మొన్న రచ్చబండ కడ చెప్పితిని. పెద్దాయన కండువా దులుపుకొని, కొంతసేపు ఊరకుండి, 'అయితే సరిగ్గా కొట్టి ఉండరు లెండి' అనెను.